పాలమూరు ప్రాంతంలో పెరటి కోళ్ళ పెంపకం

పెరటి కోళ్ళ పెంపకం అనగా ఇంటి పెరటిలో గాని, వాకిట గాని కొద్ది సంఖ్యలో కోళ్ళను పగలు ఆరుబయట తిరుగనిచ్చి, రాత్రి గూటిలో మూసి పెంచే పద్ధతి. తెలంగాణ రాష్ట్రంలో పాలమూరుగా పిలువబడే పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో ఈ పద్ధతి నేటికీ పల్లెపల్లెనా కనిపిస్తుంది. ఈ కోళ్ళ పోషణ ఎక్కువగా ఇంటి స్త్రీల చేతిలోనే ఉంటుంది. గుడ్లు, పుంజులు అమ్మగా వచ్చిన సొమ్ము పిల్లల పుస్తకాలకు, మందులకు, పండుగ ఖర్చులకు అక్కరకు వస్తుంది.

పెరటి కోళ్ళలో అధిక భాగం అమ్మకానికి, గుడ్లకు రాకముందే చనిపోతాయి. ఈ నష్టానికి ముఖ్య కారణాలు మూడు: గూటి లోపాలు, మొదటి ఆరు వారాలలో పిల్లల మరణాలు, కొక్కెర తెగులు. కోడి జాతిని మార్చినంత మాత్రాన ఈ మూడింటిలో ఏదియూ తొలగిపోదు. కాని మూడింటినీ స్వల్ప ఖర్చుతోనే చాలవరకు అరికట్టవచ్చును.

ప్రాంతం, నేపథ్యం

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లాను పునర్వ్యవస్థీకరించినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్యనున్న గద్వాల, అలంపూర్ ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ భాగాన అచ్చంపేట, అమ్రాబాద్ మండలాలు నల్లమల అడవిని ఆనుకొని ఉన్నాయి. నదులు ప్రవహించినా ఇది ప్రధానంగా మెట్ట ప్రాంతం. వర్షపాతం తక్కువ, వేసవి తీవ్రత ఎక్కువ. జొన్న, కంది, వేరుశనగ, ప్రత్తి ఇచ్చటి ముఖ్యమైన పంటలు. గద్వాల పరిసరాలు సంకర ప్రత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. కళ్ళాలలో రాలిన గింజలు, చేలగట్ల పురుగులు, వంటింటి మెతుకులు పెరటి కోళ్ళకు సహజమైన మేత.

పాలమూరు కూలీలు దూర ప్రాంతాలలో ఆనకట్టలు, కాలువలు, భవనాల పనులకు వలస పోవుట దశాబ్దాలుగా తెలిసిన విషయమే. ఎత్తిపోతల పథకాల రాకతో వలసలు కొంత తగ్గినవి. వలస పోయే కుటుంబం గొర్రెను, బర్రెను వదలిపోలేదు గాని, నాలుగు కోళ్ళను ఇంటి ముసలివారికి అప్పగించి పోగలదు. కొన్నిచోట్ల పెట్టను ఇంకొకరికి "పాలుకు" ఇచ్చే ఆచారం కూడా కలదు. పెంచినవారు, పెట్ట యజమాని పిల్లలను పంచుకొంటారు. సొంత పెట్టను కొనలేని ఇల్లు కూడా ఈ విధంగా కోళ్ళ పెంపకం మొదలుపెట్టగలుగుతుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు, బాతులు తదితర పెంపుడు పక్షులు 85.18 కోట్లు. వీటిలో పెరటి పక్షులు 31.7 కోట్లు. 2012 గణనతో పోల్చితే పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. మొత్తం పక్షుల సంఖ్యలో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల తరువాత సుమారు 8 కోట్లతో తెలంగాణ మూడవ స్థానంలో నిలిచింది.

జాతులు

పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి (గాలస్ గాలస్). కోడి చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు మాత్రం దక్షిణ భారతంలో నివసించే బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినదని 2008లో శాస్త్రవేత్తలు నిరూపించారు.

నాటు కోళ్ళు: ఈ ప్రాంతపు నాటు కోళ్ళు పలు రంగులలో, చిన్న శరీరంతో ఉంటాయి. గుడ్లు తక్కువ పెట్టినా తామే పొదిగి, పిల్లలను తిప్పి, గద్ద నీడ కనబడగానే హెచ్చరిస్తాయి. మేతను తామే వెదకుకొంటాయి. వీటి మాంసానికి, గుడ్లకు ఫారం కోళ్ళకంటే ఎక్కువ ధర పలుకుతుంది.

అసీల్: పొడుగు కాళ్ళు, బలమైన మెడ గల జాతి. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలు దీని స్వస్థలం. ఈ పుంజులను పందేలకు వాడుట జంతు హింస నిరోధక చట్టం, 1960 ప్రకారం శిక్షార్హం.

వనరాజ, గ్రామప్రియ: హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధన ప్రాజెక్టు డైరెక్టరేటు (నేటి కోళ్ళ పరిశోధన సంచాలక కార్యాలయం) వీటిని పెరటి పెంపకానికై రూపొందించింది. వనరాజను మాంసం, గుడ్లు రెండింటికీ, గ్రామప్రియను ముఖ్యంగా గుడ్లకు పెంచుతారు. రంగురంగుల ఈకలతో నాటు కోళ్ళను పోలి ఉండుటచే పల్లెలలో వీటికి ఆదరణ కలిగింది.

మెరుగు జాతులను తెచ్చుకొనేవారు రెండు విషయాలు గమనించవలెను. మొదటిది, ఇవి సాధారణంగా పొదుగుకు కూర్చొనవు. వీటి గుడ్లను నాటు పెట్ట క్రింద ఉంచి పొదిగించవచ్చును గాని, ఇవి సంకర కోళ్ళు కనుక పిల్లలలో తల్లి గుణాలన్నీ నిలువవు. రెండవది, తల్లి లేని పిల్లలు కనుక వీటికి ఆరు వారాల వరకు కృత్రిమంగా వేడి ఇచ్చి పెంచవలెను. ఒక రోజు పిల్లలను తెచ్చి నేరుగా పెరటిలో వదలిన ఇండ్లలో అవి చాలవరకు నిలువవు. అప్పుడు జాతి మంచిది కాదని నింద వేయుట కద్దు.

గూడు నిర్మాణం

గ్రామాలలో కోళ్ళను రాత్రి వెదురు గంప క్రింద మూయుట, గోడను ఆనించి మట్టితో గాని బండలతో గాని చిన్న గూడు కట్టుట వాడుకలో ఉన్న పద్ధతులు. గంప ఒక తల్లికి, దాని పిల్లలకు సరిపోతుంది. అయిదారు పెద్ద కోళ్ళకు మించితే గూడు అవసరం.

స్థలం: నీరు నిలువని మెరక చోటు ఎన్నుకొనవలెను. నదీ తీర గ్రామాలలో ఇది మరింత ముఖ్యం. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా నదుల వరదలకు నడిగడ్డలోని రాజోలి, అలంపూర్ పరిసర గ్రామాలు నీట మునిగినవి.

దిశ: పొడవు తూర్పు పడమరలుగా ఉండవలెను. అప్పుడు ఉదయపు, సాయంకాలపు ఎండ పొట్టి గోడలపైనే పడి లోపల వేడి తగ్గుతుంది.

వైశాల్యం: రాత్రి బసకు పెద్ద కోడికి ఒకటిన్నర నుండి రెండు చదరపు అడుగులు ఉండవలెను. పది కోళ్ళకు అయిదు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల గూడు చాలును.

నేల: రెండు అడుగుల ఎత్తు కాళ్ళపై కట్టిన గూటికి చెమ్మ తగులదు, రెట్ట సందులగుండా క్రిందికి రాలుతుంది. నేలగూడు అయితే వరిపొట్టు, లేదా బాగా ఎండిన వేరుశనగ పొట్టు రెండు మూడు అంగుళాల మందాన పరచవలెను.

గాలి: పైకప్పు దిగువన రెండు వైపులా కిటికీ వంటి ఖాళీలు విడచి, వాటికి అర అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించవలెను. నాలుగు వైపులా మూసిన గూడు కోడికి రక్షణ కాదు.

దండె: కోడి స్వభావరీత్యా ఎత్తున కూర్చొని నిద్రిస్తుంది. నునుపైన గుండ్రని కర్రను ఒకటిన్నర అడుగు ఎత్తున అమర్చి, కోడికి ఎనిమిది నుండి పది అంగుళాల చొప్పున చోటు ఇవ్వవలెను.

గుడ్ల పెట్టె: నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పుతో చీకటి మూలలో ఉంచవలెను. పాత మట్టికుండ, గడ్డి పరచిన గంప కూడా పనికివస్తాయి.

గూటి సమస్యలు, పరిష్కారాలు

గూటిలో కలిగే దోషాలలో చాలావరకు కోడి ప్రవర్తన ద్వారా ముందే తెలిసిపోతాయి. తలుపు తీయగానే వచ్చే వాసన, తెల్లవారి నేలపై ఉన్న రెట్ట, కోడి తమ్మె రంగు ఈ మూడింటిని రోజూ గమనించుట మొదటి వైద్యం.

ఘాటైన వాసన, కళ్ళ నీరు: తలుపు తీసినవారి కళ్ళు మండితే, రాత్రంతా నేల దగ్గర ఉన్న కోడికి అది మరింత బాధ. తడిసిన పొట్టులో రెట్ట కుళ్ళి అమ్మోనియా వాయువు వెలువడుటయే దీనికి కారణం. ఈ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీసి జలుబు, గురక వంటి వ్యాధులకు దారి చేస్తుంది. తడి పొట్టును తీసివేసి, నేలపై పొడి సున్నం చల్లి, ఆరిన తరువాత కొత్త పొట్టు వేయవలెను. నీటి పాత్ర గూటిలో ఒలుకుతున్నదేమో, కప్పు కారుతున్నదేమో చూడవలెను. కారణం తొలగించక పొట్టు మాత్రమే మార్చితే వారంలో వాసన మరల వస్తుంది. తీసిన పొట్టు పశువుల ఎరువుతో కలిపి మాగనిస్తే పొలానికి మంచి ఎరువు.

కోళ్ళు గూటిలోనికి రాకపోవుట: అలవాటైన కోళ్ళు సాయంత్రం అకస్మాత్తుగా చెట్టెక్కుట, దూలాలపై కూర్చొనుట మొండితనం కాదు. లోపల నల్లులు, గోమార్లు చేరినప్పుడు, పాము గాని పిల్లి గాని దూరినప్పుడు, ఉక్క ఎక్కువైనప్పుడు ఇట్లు జరుగుతుంది. కర్రతో తరిమి మూయుటకు ముందు దీపంతో గూటిని పరీక్షించవలెను.

గోమార్లు, నల్లులు: మట్టిగోడలు, బండల సందులు, పాత చెక్కలు గల గూళ్ళలో ఇది అతిసామాన్యమైన సమస్య. కోడి గోమారి పగలు సందులలో దాగి, రాత్రి వచ్చి రక్తం పీల్చి తిరిగి దాగుకొంటుంది. అందుచేత పగలు కోడిని పరీక్షించినవారికి ఏమీ కనబడదు. తమ్మె పాలిపోవుట, గుడ్లు తగ్గుట, పొదుగు పెట్ట గుడ్లను వదలి లేచిపోవుట దీని గుర్తులు. రాత్రి రెండు గంటలు గడచిన తరువాత తెల్లని గుడ్డతో దండె క్రింది భాగాన్ని తుడిచినచో ఎర్రని మరకలు కనబడతాయి. గోమారి మేత లేకుండా చాలా నెలలు బ్రతుకగలదు కనుక గూడును కొద్దిరోజులు ఖాళీగా ఉంచినంత మాత్రాన చావదు. సందులను మట్టితో గాని సిమెంటుతో గాని పూడ్చి, గోడలకు సున్నం వేసి, చెక్కలను ఎండలో ఉంచి, బండగూడు అయితే కోళ్ళను బయటకు తీసిన పిమ్మట మంటతో సందులు కాల్చవలెను. పురుగుమందులను పశువైద్యుని సలహాపైననే వాడవలెను. ప్రత్తి చేలకు వాడే మందును కోళ్ళపై చల్లుట ప్రాణాంతకం.

పేలు: ఇవి కోడి ఒంటిపైనే ఉంటాయి. నీడన ఒక గుంటలో పొడి మట్టి, బూడిద, వేపాకు పొడి కలిపి ఉంచినచో కోళ్ళు అందులో పొర్లాడి చాలావరకు వాటిని వదిలించుకొంటాయి.

పిల్లి, ముంగిస, కుక్క, పాము: రాత్రి పోయిన కోడి ఆనవాళ్ళు శత్రువును తెలుపుతాయి. కోడి మొత్తంగా మాయమై ఈకలు బాటగా పడి ఉంటే కుక్క గాని అడవిపిల్లి గాని అయి ఉండవచ్చు. మెడపై గాట్లతో పలు కోళ్ళు ఒకేసారి చచ్చి పడి ఉంటే ముంగిసను అనుమానించవలెను. గుడ్లు, చిన్న పిల్లలు మాత్రమే సడి లేకుండా పోతుంటే పాము గాని ఎలుకలు గాని కావచ్చు. ముంగిస రెండు అంగుళాల సందులో కూడా దూరగలదు. పలుచని కోళ్ళ జాలీని కుక్క చింపగలదు. కావున గట్టి జాలీ వాడి, దాని అంచును అడుగు లోతున నేలలో పాతవలెను. రాలిన గింజలను రాత్రికి తీసివేస్తే ఎలుకలు తగ్గుతాయి, ఎలుకలు తగ్గితే పాములు రావు.

గుడ్లను తామే తినుట: పగిలిన గుడ్డు రుచి చూచిన కోడికి ఇది అలవాటవుతుంది. సున్నపు పదార్థం చాలక పెంకు పలుచబడుట, గుడ్ల పెట్టె వెలుతురులో ఉండుట, గుడ్లను సాయంత్రం వరకు తీయకపోవుట కారణాలు. రోజుకు రెండు మూడు మార్లు గుడ్లు తీసి, పెట్టెకు గోనె తెర కట్టి, గుల్లల పొడిని వేరుగా ఒక పాత్రలో ఉంచవలెను.

ఒకదానినొకటి పొడుచుకొనుట: ఇరుకు, ఉక్క, మేతలో మాంసకృత్తుల లోపం దీనికి మూలాలు. గాయపడిన కోడిని వెంటనే వేరుచేయవలెను. రక్తం చూచిన కోళ్ళు దానిని చచ్చువరకు పొడుస్తాయి.

వేసవి తాపం: కోడికి చెమట గ్రంథులు లేవు. దాని సహజ శరీర ఉష్ణోగ్రతయే 41 నుండి 42 డిగ్రీల సెల్సియస్. ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నోరు తెరచి రొప్పుట తప్ప దానికి వేరు మార్గం లేదు. రేకుల కప్పు గల చిన్న గూటిలో పగలు మూసిన కోళ్ళు మధ్యాహ్నానికే చనిపోవచ్చు. రేకులపై జొన్నచొప్ప గాని తాటాకు గాని పరచి నీరు చల్లుట, సున్నం పూయుట, చెట్టునీడన రెండు మూడు చోట్ల మట్టిపాత్రలలో చల్లని నీరుంచుట అవసరం. ఏప్రిల్, మే నెలలలో మేతను తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే వేయవలెను. నీటిలో కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపితే వడదెబ్బ నుండి కొంత రక్షణ.

పొదుగు, పిల్లల సంరక్షణ

కోడిగుడ్డు పొదుగుటకు 21 రోజులు పడుతుంది. నాటు పెట్ట క్రింద పది నుండి పన్నెండు గుడ్లు ఉంచవచ్చు. గుడ్లు వారం రోజులలోపువై ఉండవలెను. వేసవిలో మూడు నాలుగు రోజులకు మించిన గుడ్లు సరిగా పొదగబడవు. వాటిని ఇసుకపై ఉంచిన తడి గుడ్డలో, నీడన దాచవలెను. ఏడవ రోజు రాత్రి దీపపు వెలుగుకు ఎదురుగా పట్టి చూచినచో, పిండం ఉన్న గుడ్డులో ఎర్రని నరాల వల కనబడుతుంది. ఏమీ కనబడని గుడ్డును తీసివేయవచ్చును. పొదుగు గంపలో బొగ్గు, ఎండుమిరపకాయ, ఇనుపముక్క ఉంచితే ఉరుములకు గుడ్లు చెడవని పలుచోట్ల నమ్మకం. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు గాని హాని కూడా లేదు. పొదుగు పెట్టకు దగ్గరలోనే నీరు, గింజలు ఉంచుట అంతకంటే ముఖ్యం.

పుట్టిన పిల్లలను తల్లితోబాటు రెండు మూడు వారాలు గంప క్రింద గాని జాలీ లోపల గాని ఉంచవలెను. గద్ద, కాకి, పిల్లి వలన కలిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ రోజులలోనే జరుగుతుంది. మొదట నీరు, రెండు మూడు గంటల తరువాత నూకలు, జొన్నరవ్వ ఇవ్వవలెను. నీటి పళ్ళెంలో చిన్న రాళ్ళు వేస్తే పిల్లలు పడి మునుగవు.

తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి అవసరం. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. ఒక 60 వాట్ల బల్బు ఇరవై అయిదు, ముప్పది పిల్లలకు చాలును. ఉష్ణమాపకం లేకున్నను పిల్లల తీరే కొలత. అవి బల్బు క్రింద గుంపుగా కుక్కుకొంటే చలి అని, బల్బుకు దూరంగా గోడకు చేరితే వేడి ఎక్కువని, అంతటా సమంగా తిరుగుతుంటే సరిపోయినదని గ్రహించవలెను. కరెంటు పోయినప్పుడు కుంపటి పెట్టేవారు పొగ బయటకు పోవు దారి ఉంచవలెను. మూసిన గదిలో బొగ్గుపొగ పిల్లలను చంపుతుంది.

మేత, నీరు

ఆరుబయట తిరిగే కోడికి పురుగులు, ఆకులు, రాలిన గింజలు దొరికినా, అవి అన్ని కాలాలలో చాలవు. పెద్ద కోడికి రోజుకు 30 నుండి 60 గ్రాముల మేత అదనంగా ఇవ్వవలెను. జొన్నలు, సజ్జలు, నూకలు, మొక్కజొన్న బలాన్నిచ్చును. తవుడు, వేరుశనగ చెక్క మాంసకృత్తులనిచ్చును. మునగాకు, అజొల్లా పచ్చిమేతకు పనికివచ్చును. చెదలను కుండలో పట్టి పిల్లలకు వేయుట పలు గ్రామాలలో తెలిసిన పద్ధతి. ఖర్చు లేని మంచి మాంసకృత్తుల మేత ఇది.

బూజు పట్టిన వేరుశనగ: ఈ ప్రాంతంలో వేరుశనగ ప్రధాన పంట కనుక, తడిసి బూజు పట్టిన కాయలను, చెక్కను కోళ్ళకు వేయుట సహజం. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అను విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియక చనిపోయినవి. వాటి మేతలో కలిపిన, బ్రెజిల్ నుండి దిగుమతియైన వేరుశనగ చెక్కలోని బూజు ఇందుకు మూలమని తేలిన పిమ్మటనే ఈ విషం లోకానికి తెలిసింది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా, ఉడికించినా పోదు.

ప్రత్తి విత్తనాలు: విత్తుటకై మందు పట్టించిన గింజలు కోడి తిన్నచో చనిపోతుంది. విత్తనోత్పత్తి చేలకు మందు కొట్టిన రోజులలో కోళ్ళను ఇంటి వద్దనే ఆపవలెను.

పెద్ద కోడి రోజుకు సుమారు పావు లీటరు నీరు త్రాగును, వేసవిలో అంతకు రెట్టింపు. రోజూ పాత్రను కడిగి నీరు మార్చవలెను.

గుడ్లు తగ్గుట

కోడి గుడ్లు పెట్టుట మానినప్పుడు ముందుగా ఋతువును, వయస్సును చూడవలెను. గుడ్లు పెట్టుటకు రోజుకు సుమారు 14 నుండి 16 గంటల వెలుతురు అనుకూలం. చలికాలంలో పగలు చిన్నదగుటచే గుడ్లు తగ్గుతాయి. ఈకలు రాల్చు కాలంలోను, పొదుగు పట్టినప్పుడు, పిల్లలను తిప్పునప్పుడు గుడ్లు ఆగుట సహజం. ఇవి ఏవియూ కాక గుడ్లు తగ్గితే నులిపురుగులు, గోమార్లు, మేతలో లోపం, దాగిన వ్యాధి అను వరుసలో విచారించవలెను. వనరాజ పెట్టలకు అతిగా మేపి కొవ్వు పట్టించినా గుడ్లు తగ్గుతాయి. కొన్నిసార్లు గుడ్లు తగ్గవు. పెట్ట గడ్డివామిలోనో, కంపచెట్టు క్రిందనో వేరొక చోటు చూచుకొని ఉంటుంది.

వ్యాధులు

కొక్కెర తెగులు: పెరటి కోళ్ళను ఊరికి ఊరు తుడిచిపెట్టే వ్యాధి ఇదే. 1926లో ఇండోనేషియాలోని జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం వద్దను దీనిని గుర్తించారు. కొద్దికాలానికే భారతదేశంలో కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద కనబడుటచే మన దేశంలో దీనిని రాణీఖేత్ వ్యాధి అని కూడా అంటారు. ఇది వైరస్ వలన కలుగుతుంది. కోడి మూలకు చేరి తూగుట, నోరు తెరచి గురకతో శ్వాసించుట, ఆకుపచ్చని, తెల్లని విరేచనాలు, తరువాత మెడ మెలితిరుగుట, కాళ్ళు పడిపోవుట లక్షణాలు. టీకా లేని మందలో నూటికి తొంభై వరకు చనిపోవచ్చును. వచ్చిన పిమ్మట మందు లేదు.

తెగులు సోకిన ఊరిలో, ఇంకా బాగున్న కోళ్ళనైనా అమ్ముకొందామని సంతకు తీసికొనిపోవుట దీని వ్యాప్తికి ముఖ్య కారణం. పెబ్బేరు వంటి పెద్ద సంతలకు అనేక గ్రామాలవారు వస్తారు. ఒక గంపలోని జబ్బు పలు ఊళ్ళకు చేరుటకు ఒక్క సంత చాలు. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరుగా ఉంచి, తరువాతనే మందలో కలుపవలెను.

మశూచి: తమ్మె, కళ్ళచుట్టు, నోటివద్ద పొక్కులు లేచి చెక్కు కడతాయి. దోమల వలన వ్యాపిస్తుంది. పిల్లలలో కళ్ళు మూసుకొనిపోయి మేత తినలేక చనిపోతాయి.

గంబోరో: మూడు నుండి ఆరు వారాల పిల్లలకు వస్తుంది. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గంబోరో అను చోట 1962లో దీనిని గుర్తించుటచే ఈ పేరు వచ్చినది.

రక్త పారుడు: కాక్సిడియా అను సూక్ష్మజీవి వలన వానాకాలంలో, తడి నేలపై పెరిగే పిల్లలకు ఎక్కువ. దీనికి మందు కలదు. కాని నేల పొడిగా ఉంచుటయే అసలు నివారణ.

నులిపురుగులు: నేలపై ఏరుకొని తినే కోళ్ళకు తప్పవు. పశువైద్యుని సలహాతో రెండు మూడు నెలలకొకసారి మందు త్రాగించవలెను.

బర్డ్ ఫ్లూ: 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద ఇది భారతదేశంలో తొలిసారి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి జిల్లాలలోను, తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్ మండలంలోను నిర్ధారణ అయినది. కొక్కెర తెగులుకు, దీనికి లక్షణాలు పోలి ఉంటాయి. ప్రయోగశాల పరీక్ష లేక తేడా తెలియదు. కనుక కోళ్ళు ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు వాటిని కోసి తినక, కాలువలో పారవేయక, సున్నం వేసి లోతుగా పాతి, పశువైద్యశాలకు తెలుపవలెను. బాగుగా ఉడికించిన మాంసంలో, గుడ్లలో ఈ వైరస్ నశిస్తుంది.

టీకాలు

పెరటి కోళ్ళకు సాధారణంగా అనుసరించే క్రమం ఇట్లున్నది:

* 5 నుండి 7 రోజుల వయస్సు - కొక్కెర తెగులు (లసోటా లేక ఎఫ్-1), కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క
* 14 నుండి 18 రోజులు - గంబోరో, చుక్కల మందు
* 28 నుండి 30 రోజులు - లసోటా రెండవ మోతాదు
* 6వ వారం - మశూచి టీకా, రెక్క పొరలో
* 8 నుండి 10 వారాలు - కొక్కెర తెగులు (ఆర్2బి), చర్మం క్రింద అర మిల్లీలీటరు

టీకా ఖరీదు స్వల్పమే. అయినను పెరటి కోళ్ళకు అది అందకపోవుటకు కారణం సీసా పరిమాణం. ఒక సీసాలో వంద, రెండు వందల మోతాదులు ఉంటాయి. కలిపిన మందు ఒకటి రెండు గంటలలో వాడవలెను. పది కోళ్ళున్న ఇంటివారు ఒక సీసా తెచ్చుకొని మిగిలినది పారవేయలేరు. పైగా టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచవలెను. ఎండలో సంచిలో తెచ్చిన టీకా వేసినా వేయనట్లే. టీకా వేయించినా కోళ్ళు చచ్చినవని చెప్పేచోట చాలాసార్లు ఇదే కారణం.

దీనికి పరిష్కారం ఊరంతా ఒకే రోజున వేయించుట. ఇరవై ఇండ్లవారు కలిస్తే ఒక సీసా పూర్తిగా వినియోగపడుతుంది. తెల్లవారుజామున కోళ్ళు ఇంకా గూటిలో ఉండగానే మంచు ముక్కలున్న ఫ్లాస్కుతో ఇంటింటికి తిరిగితే గంటన్నరలో పని ముగుస్తుంది. మహిళా పొదుపు సంఘాలు ఇందుకు తగిన వేదిక. వలసలకు ముందు దసరా, దీపావళి రోజులలో ఒకసారి, వేసవికి ముందు సంక్రాంతి తరువాత ఒకసారి రోజు నిర్ణయించుకొంటే గుర్తుండుట సులభం.

ఇతర దేశాలలోను ఇదే సమస్యకు ఇటువంటి మార్గాలే కనుగొన్నారు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ స్త్రీలకు శిక్షణనిచ్చి టీకాలు వేయించే విధానం పేరుపొందినది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వేడిని కొంత తట్టుకొనే ఐ-2 అను టీకాను రూపొందించారు. దానిని మొజాంబిక్, టాంజానియా గ్రామాలలో కంటి చుక్కగా వాడినారు.

ఆర్థిక ప్రాధాన్యత

ఒక నాటు పెట్ట సంవత్సరానికి మూడు మార్లు పొదుగునని, మారుకు పది పిల్లలు చేయునని అనుకొందాం. ముప్పది పిల్లలలో ఎనిమిది మిగులుట ఒక లెక్క, ఇరవై మిగులుట వేరొక లెక్క. ఈ పన్నెండు కోళ్ళ తేడాకు కొత్త జాతి గాని, ఎక్కువ మేత గాని అక్కరలేదు. మూడు వారాలు పిల్లలను మూసి ఉంచిన గంప, రెండు మార్లు వేసిన చుక్కల మందు, సందులు పూడ్చిన గూడు చాలును. రెండు పెట్టలతో ప్రారంభించిన ఇంటికి ఈ తేడా ఒక మేకపిల్ల ఖరీదు కాగలదు.

సహాయ కేంద్రాలు

మండల కేంద్రాలలోని ప్రభుత్వ పశువైద్యశాలలు, గ్రామాలలో తిరిగే గోపాలమిత్రలు టీకాలు, మందుల విషయమై సలహానిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోను, వనపర్తి జిల్లా మదనాపురంలోను కృషి విజ్ఞాన కేంద్రాలు కలవు. మెరుగు జాతుల పొదుగు గుడ్లు, పిల్లలు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలక కార్యాలయంలో ముందుగా నమోదు చేసికొని పొందవచ్చును. పిల్లలను తెచ్చుటకు పూర్వమే గూడు, వెచ్చదనపు ఏర్పాటు, టీకా తేదీలు సిద్ధం చేసికొనుట మంచిది.